బాహుకుని లైసెన్సు

నలోపాఖ్యానము చదివిన తెలుగువారికి బాహుకుడు చిరపరిచితుడు. రాజ్యమును, భార్యాబిడ్డలను, తుదకు తన రూపమును సైతము కోలుపోయి, అయోధ్యలో ఋతుపర్ణుని కొలువున సారథిగా కుదురుకొనిన నలమహారాజే బాహుకుడు. పరదేశమున, పరుల ఇంట, పరుల బండి తోలుచు, రాత్రివేళ ఇల్లాలిని తలచుకొని నిట్టూర్చినవాడు. అతడు తనకు వచ్చిన అశ్వవిద్యను చెప్పుకొనెను, రాజు కొలువిచ్చెను. "ఈ విద్య నీకు వచ్చుననుటకు సాక్ష్యమేది?" అని నడివీథిలో రథము నాపి అడిగిన భటుడు ఆ కథలో ఎచ్చటను కానరాడు. పిమ్మట ఆ రథము కుండిన నగరమును ప్రవేశించినపుడు దమయంతికి నలుని తలపు కలిగినది రూపమును చూచి కాదు, రథఘోషను విని. విద్యయే విద్యావంతునకు ఆనవాలై నిలిచిన ఘట్టమది.

కావ్యలోకము అట్లుండగా శాస్త్రలోకము వేరు విధముగా నుండెను. కౌటిల్యుని అర్థశాస్త్రమున ద్వితీయాధికరణములో ముద్రాధ్యక్షుడను ఒక అధికారి కలడు. మాషకము రుసుము పుచ్చుకొని అతడు ప్రయాణికునకు ముద్ర నొసగును. ముద్ర కలవాడే జనపదమును ప్రవేశింపవలెను. ముద్ర కలవాడే వెడలవలెను. ముద్ర లేక తిరిగిన స్వదేశీయునకు 12 పణముల దండుగ. కపటముద్ర చూపిన స్వదేశీయునకు మొదటి తరగతి సాహసదండము. అదే నేరము పరదేశీయుడు చేసినచో ఉత్తమ సాహసదండము, అనగా అన్నిటికంటె పెద్ద జరిమానా. ముద్రలను పరీక్షించుటకు వివీతాధ్యక్షుడను వేరొక ఉద్యోగి యుండెను. ఈ గ్రంథమును మన పొరుగుననున్న మైసూరులో 1909లో శామశాస్త్రిగారు అచ్చు వేయించి లోకమునకు అందించిరి. నేరము ఒకటే, చేసినవాడు పరాయివాడైనచో శిక్ష హెచ్చు. సుమారు రెండువేల యేండ్ల నాటి ఈ న్యాయము నేటికిని లోకమునుండి తొలగిపోలేదు.

బాహుకునకు విద్య చాలెను. నేటి సారథికి విద్య చాలదు, ముద్రయు కావలెను. అందులో అన్యాయమేమియు లేదు. వాహనము గుఱ్ఱపు రథము కాదు. తోలుట రానివాడు కూర్చున్నచో పదిమంది ప్రాణములకు ముప్పు. కాని పరదేశమున కాపురముండి బండి తోలుకొను పేదవాని విషయమున ఆ ముద్ర అతని విద్యకు మాత్రమే సాక్ష్యముగా నిలుచుట లేదు. అతని కొలువునకు, అతని జీతమునకు, అతని యజమాని ఇచ్చకు సాక్ష్యముగా మారుచున్నది. చేతిలోని విద్య ఏమాత్రము తరగకున్నను, కొలువు మారినంతనే ముద్ర చెల్లకపోవును. ఈ వైపరీత్యమును గూర్చి ఆలోచింపవలసిన వారిలో మన అనంతపురపు సీమవారు ముందు వరుసలో నున్నారు. కారణము చెప్పెదను.

మెరకనేల నుండి ఎడారికి

అనంతపురము మెరకసీమ. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డుకొనును. తూర్పు సముద్రపు వాయుగుండములు ఇచ్చటికి చేరునప్పటికి చాలవరకు ఉడిగిపోవును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో ఈ సీమ కాలము గడుపుచున్నది. 1876–78 నాటి ధాత కరువును పెద్దలు తరతరములుగ చెప్పుకొనిరి. బళ్ళారి జిల్లా నుండి విడివడి 1882లో అనంతపురము జిల్లాగా ఏర్పడునప్పటికి ఆ కరువు గాయములింకను మానలేదు. మెట్టపొలముల కన్నింటికిని ఒక్కటే దిక్కు, మా సీమవారు చెనక్కాయ యని పిలుచుకొను వేరుసెనగ. ఊడలు దిగు వేళకు వాన తప్పినచో కాయ లేదు, కట్టె మాత్రమే మిగులును. బోరు వేయించినచో అప్పు మిగులును. "కరువులో అధికమాసము" అను సామెతకు అర్థము వేరొక జిల్లావానికి చెప్పవలెను గాని మావానికి చెప్పనక్కరలేదు.

ఇట్టి నేలపై పుట్టిన కుఱ్ఱవానికి స్టీరింగు రెండవ పంట. మొదట ఊరిలో ట్రాక్టరుపై చేయి తిరుగును. పిదప లారీకి క్లీనరుగా పోవును. తాడిపత్రి లారీలకు పేరుగాంచిన ఊరు. అచ్చటి బండ్లపై దేశము చూచినవారు ఈ సీమలో కొల్లలుగా కలరు. బెంగుళూరు నాలుగు గంటల దూరమే కనుక టాక్సీ తోలుటకు పోవువారును కలరు. ఇంటి అప్పు ఇంకను తీరనిచో కువైటు. 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన కదిరి, తనకల్లు, నల్లచెరువు, తలుపుల ప్రాంతములు వలస విషయమున పొరుగున నున్న రాయచోటి, కడప ప్రాంతములతో ఏకమైనవి. ఆ పల్లెలలో క్రొత్త మిద్దె కనబడినచో "కువైటు ఇల్లు" అని గుర్తుపట్టుట కష్టము కాదు. మిద్దె కట్టించిన సారథి మాత్రము ఆ ఇంట నిద్రించినది యేడాదికో రెండేండ్లకో వచ్చిన సెలవు దినములలోనే.

కువైటు మనకు బొత్తిగా క్రొత్త తావు కాదు. 1959లో భారత రిజర్వు బ్యాంకు గల్ఫు ప్రాంతము కొరకు ప్రత్యేకముగ రూపాయి నోట్లు ముద్రించెను. 1961లో దీనారు వచ్చు వరకు కువైటు అంగళ్ళలో చెల్లినది ఆ రూపాయియే. నాడు దీనారు ఒకటికి పదమూడు రూపాయలును మరి మూడవ వంతును. నేడు రెండువందల డెబ్బదికి పైమాట. ఈ రెండంకెల నడుమనే మన సీమ వలసకథ చాలవరకు ఇమిడియున్నది. 2024 డిసెంబరులో భారత ప్రధానమంత్రి ఆ దేశమున పర్యటించినపుడు చెప్పబడిన లెక్క ననుసరించి అచ్చటి భారతీయులు సుమారు పది లక్షలు. ఆ దేశపు జనాభాలో ఐదవ వంతు.

వీరిలో ఇంటి డ్రైవర్లుగా పోయినవారు చట్టము దృష్టిలో గృహసేవకులు. ఆ దేశపు నివాస నిబంధనలలో 20వ అధికరణము క్రిందికి వత్తురు. మనవారు దీనిని "ఖాదిమ్ వీసా" యందురు. కంపెనీలలో పనిచేయువారి 18వ అధికరణపు వీసాను "షూన్ వీసా" యందురు. ఇంటి యజమాని "బాబా", యజమానురాలు "మామా". తెల్లవారుజామున పిల్లలను బడికి చేర్చుట మొదలు, అంగడికి, ఆసుపత్రికి, చుట్టముల ఇండ్లకు, నడిరాత్రి వరకు ఇంటివారిని త్రిప్పుట అతని పని. 2015 నాటి 68వ నెంబరు చట్టము గృహసేవకుల పని దినమునకు 12 గంటలు మించరాదని, వారమునకొక దినము సెలవీయవలెనని, సేవకుని పాస్‌పోర్టును యజమాని తన యొద్ద ఉంచుకొనరాదని విధించెను. 2016లో నెలకు 60 దీనారుల కనీస వేతనమును నిర్ణయించిరి. మంచి చట్టమే. అయితే చట్టము కాగితముపై నుండును. సారథి ఇంటి వెనుక గదిలో నుండును. ఆ రెండిటి నడుమ దూరము ఒక్కొక్క ఇంట ఒక్కొక్క తీరుగా నుండును.

అతిథి వేరు, కాపురస్థుడు వేరు

ఒక దేశపు లైసెన్సు వేరొక దేశమున చెల్లునా? మోటారు బండి పుట్టిన కొలదికాలమునకే ఈ ప్రశ్నయు పుట్టినది. బ్రిటనులో 1903 చట్టము లైసెన్సు నేర్పరచినది గాని పరీక్ష నేర్పరచలేదు. పరీక్ష 1935లో గాని తప్పనిసరి కాలేదు. ఐరోపాలో సరిహద్దులు దగ్గర దగ్గర. ఉదయము ఒక దేశమున బయలుదేరిన బండి సాయంత్రమునకు మూడవ దేశము చేరును. కావున 1909లో పారిస్ నగరమున దేశములు కూడి మోటారు వాహనముల రాకపోకలపై ఒక ఒడంబడిక చేసికొనినవి. అది 1926లో మారినది. 1949లో జెనీవా ఒడంబడిక, 1968లో వియన్నా ఒడంబడిక వచ్చినవి. మన దేశము 1949 నాటి జెనీవా ఒడంబడికలో చేరియున్నది. రవాణా కార్యాలయమున తీసికొను అంతర్జాతీయ డ్రైవింగు పర్మిటు దాని ఫలమే. దాని గడువు ఒక సంవత్సరము.

ఇచ్చట జాగ్రత్తగా గమనింపవలసిన భేద మొకటి కలదు. ఈ ఒడంబడికలు ముఖ్యముగ అతిథి కొరకు ఏర్పడినవి. అనగా వచ్చి, చూచి, తిరిగిపోవు యాత్రికుని కొరకు. కాపురస్థుని కొరకు కాదు. పరదేశి వచ్చి అచ్చట ఇల్లు చేసికొని కొలువు చేయుట మొదలిడినంతనే అతడు అతిథి కాడు. అట్లని పౌరుడును కాడు. అతని లైసెన్సునకు ఆయా దేశము గడువు పెట్టును. బ్రిటనులో కాపురమునకు వచ్చిన భారతీయుడు తన దేశపు లైసెన్సుపై 12 నెలలు తోలవచ్చును. జర్మనీలో ఆరు నెలలు. అమెరికాలో రాష్ట్రమునకొక నియమము. చదువుకొనుటకు పోయిన మన పిల్లలు టెక్సాసులో ఒకటి, న్యూజెర్సీలో ఒకటి తెలిసికొనవలసినదే. గడువు ముగిసిన పిదప అచ్చటి పరీక్ష వ్రాసి అచ్చటి ముద్ర పొందవలెను. ఇది సమంజసమే. మనము రోడ్డునకు ఎడమవైపున పోవుదుము. కువైటులో, జర్మనీలో, అమెరికాలో కుడివైపున పోవుదురు. చేయి మరల అలవాటు పడవలెను.

అయితే విద్యకు సంబంధింపని షరతులు చేరినపుడు విషయము మారిపోవును. కువైటు 2014లో పరదేశీయులకు పెట్టిన నిబంధనలను చూడుడు. రెండేండ్లు ఆ దేశమున సక్రమముగ నివసించి యుండవలెను. నెలకు 600 దీనారుల జీతముండవలెను. విశ్వవిద్యాలయపు పట్టా యుండవలెను. అప్పుడు గాని లైసెన్సుకు దరఖాస్తు పెట్టరాదు. చిన్న దేశము, లెక్కకు మించిన కార్లు, కదలని రోడ్లు. రద్దీని తగ్గించుటకే ఈ ఏర్పాటని పాలకుల వాదము. ఆ కష్టమును కాదనలేము. కాని పట్టా లేనివాని కాలు బ్రేకును తొక్కజాలదా? 600 దీనారుల జీతగాని కంటికి మాత్రమే ఎర్రదీపము స్పష్టముగ కనబడునా? రద్దీని తగ్గించుట యను పనికి లైసెన్సును సాధనముగ వాడినపుడు, అది నేర్పునకు గుర్తుగా నుండుట మాని అంతస్తునకు గుర్తుగా మారును.

ఇంటి డ్రైవరునకు ఈ షరతులలో మినహాయింపు కలదు. పట్టా అక్కరలేదు, 600 దీనారుల జీతము అక్కరలేదు. వృత్తియే డ్రైవరు కదా. అచ్చటి పరీక్షలో నెగ్గినచో లైసెన్సు నిత్తురు. కాని ఆ మినహాయింపులోనే ముడి యున్నది. ఆ లైసెన్సు అతని వృత్తిని బట్టి ఇచ్చినది. వృత్తి మారినచో లైసెన్సు తిరిగి ఈయవలెను. 2024 జూలై మధ్యనుండి సెప్టెంబరు వరకు కువైటు ప్రభుత్వము గృహసేవకులను కంపెనీ వీసాలకు మారనిచ్చెను. ఆ అవకాశమును పొంది వేరొక వృత్తికి మారినవాడు నిన్న సాయంత్రము వరకు సారథి. నేడు ఉదయము అదే చేయి, అదే కన్ను, అదే రోడ్డు. అయినను సారథి కాడు. అధర్మమో ధర్మమో పాఠకులే నిర్ణయింతురు గాక.

నడిరోడ్డుపై తనిఖీ

పేరెందుకు, అట్టి ఒక సారథిని తలచుకొందము. శుక్రవారపు సాయంకాలము, రోడ్డు మలుపులో పోలీసు బండ్లు అడ్డముగ నిలిచియున్నవి. కార్లు వరుసగా ఆగినవి. అద్దము దింపగనే ప్రశ్న: "లైసెన్, దఫ్తర్." లైసెన్ అనగా లైసెన్సు. దఫ్తర్ అనగా మన ఆర్‌.సి. పుస్తకము వంటిది, కారు కాగితము. పిదప "బతాకా", అనగా ఆ దేశపు గుర్తింపు కార్డు. మూడు చిన్న కార్డులు. ఇప్పుడు వీనిలో కొన్ని ఫోనులో చూపుటయు కలదు. మూడింటిని కలిపి చదివినచో ఆ భటునకు ఒక మనిషి జాతకము తెలియును. కారు ఎవరిది? ఈ మనిషి ఎవరి ఇంటివాడు? ఆ ఇద్దరు యజమానులు ఒకరేనా? అకామా, అనగా నివాసానుమతి, గడువులో నున్నదా? కార్డులోని వృత్తియు చేయుచున్న పనియు ఒకటేనా?

మన రోడ్డుపై పోలీసు కాగితము అడిగినచో ఎక్కువలో ఎక్కువ జరిమానా, అయినచో ఒక పూట ఆలస్యము. అచ్చట ఆ మూడు కార్డులలో ఏ ఒక్కటి పొసగకున్నను దాని వెంట మిగిలినవియు కదలును. అకామాను సమయమునకు తిరిగి వ్రాయింపవలసినవాడు యజమాని, అనగా కఫీల్. అతడు మరచినచో దోషము అతనిది. నడిరోడ్డున దొరకువాడు సారథి. తీరిక వేళ మరొకరి కారు తోలి నాలుగు దీనారులు సంపాదించుకొనినచో, కఫీల్ కాని వాని వద్ద పని చేసిన నేరమగును. స్నేహితులను కారులో ఎక్కించుకొని డబ్బు పుచ్చుకొనినచో, సొంత కారును బాడుగకు త్రిప్పిన నేరమగును. 2013లో ఆ దేశపు ట్రాఫిక్ శాఖ ఇట్టి తప్పులకు, లైసెన్సు లేక తోలుటకు, ఎర్రదీపము దాటుటకు, మితిమించిన వేగమునకు పరదేశీయులను దేశమునుండియే పంపివేయ మొదలుపెట్టగా కొలది వారములలో వేయిమందికి పైగా వెళ్ళిపోవలసి వచ్చినది. ఇది క్రూరమని ఆ దేశపు మానవహక్కుల సంఘమువారే ఆక్షేపించిరి. తప్పు చేసిన పౌరుడు జరిమానా కట్టి ఇంటికి పోవును. అదే తప్పు చేసిన పరదేశీయుడు ఇంటికే పోవును, కాని విమానములో. కౌటిల్యుని ఉత్తమ సాహసదండము ఇచ్చట జ్ఞప్తికి రాక మానదు.

2025 ఏప్రిల్ 22 నుండి కువైటులో క్రొత్త ట్రాఫిక్ చట్టము అమలునకు వచ్చినది. అందులో జరిమానాలు పౌరునకు, పరదేశీయునకు ఒకటే. తోలుచు ఫోను పట్టుకొనినచో జరిమానా 5 దీనారులనుండి 75కు పెరిగినది. ఎర్రదీపము దాటినచో 50 నుండి 150. సీటుబెల్టు కట్టుకొననిచో 10 నుండి 30. ప్రాణములు కాపాడుటకు ఇట్టి కాఠిన్యము అవసరమే. అయినను ఈ అంకెలను 60 దీనారుల కనీస వేతనముతో సరిచూడుడు. ఒక్క ఎర్రదీపమునకు రెండున్నర నెలల కనీస వేతనము. ఒక్క ఫోనుకు నెల జీతముపై మరి పదునైదు దీనారులు. మరి ఆ ఫోను మ్రోగించునది ఎవరు? చాలసార్లు ఇంటి యజమానురాలే. "ఎక్కడున్నావు? పిల్లలను ఎక్కించుకొంటివా?" అని. ఎత్తకున్న ఇంట చీవాట్లు. ఎత్తిన రోడ్డుపై 75 దీనారులు. జరిమానా కారు పేర వచ్చును. దానిని జీతములో కోసికొను యజమానులును లేకపోలేదు, తామే కట్టి "ఇకనైనా జాగ్రత్త" యని మందలించి విడుచు సహృదయులును లేకపోలేదు. సారథి భాగ్యము చట్టముపై గాక యజమాని స్వభావముపై ఆధారపడుటయే ఇచ్చటి చిక్కు.

పంపివేయబడినవాడు ఊరు చేరుట సుఖాంతము కాదు. వీసా కొరకు ఏజెంటునకు ఇచ్చిన సొమ్ము నూటికి రెండో మూడో వడ్డీకి తెచ్చినది. చెల్లెలి పెండ్లి బాకీ, బోరు బాకీ, మిద్దె బాకీ అన్నియు ఆ చిన్న కార్డుపై నిలిచియుండెను. "ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, దాటిన పిదప బోడి మల్లయ్య" యను సామెతలో ఓడ నడిపినవాడే మోసపోవును. ఈ కథలో ఏరు దాటింప సొమ్ము పుచ్చుకొన్న ఏజెంటు మల్లయ్యకు నష్టమేమియు లేదు. నడియేట మునిగినవాడు ఓడ ఎక్కినవాడే.

సారథి కొలువు ఎంతగా పరుల చట్టముపై ఆధారపడినదో తెలిసికొనుటకు మరియొక ఉదాహరణము చాలును. సౌదీ అరేబియాలో స్త్రీలకు కారు తోలు అనుమతి 2018 జూన్ 24న గాని రాలేదు. అంతవరకు ఆ నిషేధమే లక్షలాది పరదేశ సారథులకు అన్నము పెట్టినది. నిషేధము తొలగుట న్యాయము, అందఱును హర్షింపవలసినదే. కాని పరుల ఇంటి అన్యాయముపై నిలిచిన కొలువు, అచ్చట న్యాయము వచ్చిన నాడు కదలిపోవును.

మన రోడ్డుపై పరదేశి

ఇది అంతయు అరబ్బు దేశముల దోషమని తీర్పు చెప్పుటకు ముందు మన ముంగిలి చూచుకొనవలెను. పుట్టపర్తికి దశాబ్దములుగ పరదేశ భక్తులు వచ్చుచున్నారు. నెలల తరబడి ఉండువారును కలరు. స్కూటర్లపై తిరుగు తెల్లవారు అచ్చట వింత కాదు. పెనుకొండ వద్ద ఎర్రమంచిలో 2019లో కియా కార్ల కర్మాగారము కార్ల తయారీ ప్రారంభించినది మొదలు కొరియావారు మన సీమలో కాపురముండుట జరుగుచున్నది. ఎన్నడును కొరియా అక్షరము చూడని మన హెడ్డు కానిస్టేబులు ముందర ఒక కొరియావాడు తన లైసెన్సు తీసి చూపినాడనుకొందము. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 130వ సెక్షను ప్రకారము యూనిఫారములో నున్న పోలీసు అడిగినచో లైసెన్సు చూపవలసినదే. పరదేశి యనియు స్వదేశి యనియు భేదము లేదు. లైసెన్సు లేక తోలినచో జరిమానా 2019 సవరణతో 500 రూపాయలనుండి 5,000కు పెరిగినది. అంతర్జాతీయ పర్మిటు చేతనున్నచో అతిథికి చిక్కు లేదు. ఏండ్ల తరబడి కాపురముండువాడు మన లైసెన్సు తీసికొనవలెను.

అయితే ఆ కొరియావాని వెనుక పెద్ద కంపెనీ యున్నది. భాష తెలిసిన గుమాస్తా యున్నాడు. ఫోను చేసినచో వచ్చు వకీలు ఉన్నాడు. అందుచేత అతడు జంకడు. కదిరి సారథి కువైటు రోడ్డుపై అదే ప్రశ్నకు జంకును. అతని వెనుక కఫీల్ ఒక్కడే. ఆ కఫీల్ ఫోను ఎత్తకపోవచ్చును కూడ. కావున భేదము పరదేశి, స్వదేశి యనుటలో లేదు; వెనుక నిలుచువారు కలవాడు, లేనివాడు అనుటలో నున్నది. మరియొక వింత కలదు. ఆ కర్మాగారమున తయారైన కార్లు మధ్యప్రాచ్యమునకును ఎగుమతి యగుచున్నవి. కరువు నేలపై పుట్టిన కారునకు ఎడారిలో లభించు గౌరవము, అదే నేలపై పుట్టి దానిని తోలువానికి లభింపవలదా?

మన చట్టములో మెచ్చదగిన మాట యొకటి కలదు. అదే చట్టపు 13వ సెక్షను ఈ దేశమున ఇచ్చిన లైసెన్సు దేశమంతటను చెల్లునని చెప్పుచున్నది. తాడిపత్రి లారీ డ్రైవరును బెంగుళూరులో గాని లుధియానాలో గాని నీ జీతమెంత, నీ పట్టా యేది, నీ యజమాని ఎవరని అడుగువారు లేరు. అడుగునది ఒక్కటే: తోలుట వచ్చునా, వచ్చుననుటకు ముద్ర యున్నదా? ముద్ర విద్యకు మాత్రమే సాక్ష్యము. లైసెన్సు అనగా ఇంతియే కావలెను. మన కేంద్ర ప్రభుత్వము లైసెన్సుల వ్యవహారమునకు పెట్టిన వెబ్‌సైటు పేరు "సారథి" యగుట యాదృచ్ఛికమే యైనను సార్థకము.

చేయదగినది

పరదేశపు చట్టమును మనము మార్చలేము. మార్చదగినవి మన చేతిలోనే కొన్ని కలవు.

1983 నాటి వలస చట్టము క్రింద పదవ తరగతి గట్టెక్కనివారు కువైటు వంటి దేశములకు కొలువు కొరకు పోవునపుడు ప్రభుత్వానుమతి పొందవలెను. అనుమతి ఇచ్చునపుడే వారికి ప్రయాణపూర్వ శిక్షణ ఇచ్చు ఏర్పాటును కలదు. ఆ శిక్షణ డ్రైవర్లకు ప్రత్యేకముగ, తెలుగులో, కదిరిలోను అనంతపురములోను జరుగవలెను. కుడివైపు రోడ్డుపై తోలుట, అరబ్బీ అంకెలు చదువుట, అచ్చటి సిగ్నళ్ళు, జరిమానాల పట్టిక, వృత్తికిని లైసెన్సుకును గల లంకె, కఫీల్ కాని వాని కారు ముట్టరాదను నియమము—ఇవి వారము దినముల పాఠములు. ఏజెంటు చెప్పని మాటలు ప్రభుత్వము చెప్పవలెను.

రెండవది, పత్రములు. పాస్‌పోర్టు, బతాకా, లైసెన్సు, అకామా, కొలువు ఒప్పందము—వీని నకళ్ళు ఊరిలో ఇంటివారి వద్ద ఉండవలెను. పాస్‌పోర్టు యజమాని ఉంచుకొనుట అచ్చటి చట్టమునకే విరుద్ధమని సారథికి తెలియవలెను. పట్టుబడి నిర్బంధింపబడినచో తన దేశపు రాయబార కార్యాలయమునకు కబురు పంపుమని అడుగు హక్కు 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒడంబడిక 36వ అధికరణము అతనికి ఇచ్చినది. ఈ హక్కును గూర్చి ఎరుగని వానికి ఆ హక్కు ఉన్నను లేనట్లే.

మూడవది మా వంటి తెలుగు పంతుళ్ళ పని. కళాశాలలో ప్రబంధములకు టీకలు చెప్పుదుము. అది మా వృత్తి, దానిని చులకన చేయను. కాని మన ఊరివాడు ఎడారి రోడ్డుపై నిలుచుండి తన చేతిలోని కార్డుపై ఏమి వ్రాసియున్నదో తానే చదువలేని స్థితిలో నున్నపుడు, భాషాసేవ యను మాటకు మరియొక అర్థము కూడ ఉండవలెను. తెలుగు లిపిలో అరబ్బీ మాటలు నూరు, వాక్యములు నలుబది, కార్డులోని ప్రతి గడికి అర్థము, సిగ్నళ్ళ బొమ్మలు. జేబులో పట్టు పుస్తకము. కువైటునుండి తిరిగివచ్చి ఊళ్ళలో నున్న పాత సారథులు ఆ భాషను మనకంటె బాగుగ నెరుగుదురు. వారి యొద్ద కూర్చుండి వ్రాసికొనుటకు పరిశోధక విద్యార్థులను పంపవచ్చును. "లైసెన్", "దఫ్తర్", "ముఖాలఫా" వంటి మాటలు మా పల్లెల తెలుగులో ఇదివరకే చేరినవి. వానిని సేకరించుట నిఘంటు సేవయు అగును, మనుష్య సేవయు అగును.

ఋతుపర్ణుడు తన సారథి యొద్ద అశ్వహృదయమును కోరి, అతనికి తాను అక్షహృదయమును ముందుగా నొసగెను. విద్యకు విద్య, రాజును సారథియు ఒకరికొకరు గురువులైరి. ఆ అక్షహృదయము వలననే నలుని కలిదోషము తొలగినది, తిరిగి రాజ్యము దక్కినది. నేటి యజమానుల నుండి అంతటి ఔదార్యమును ఆశింపలేము. సారథి అడుగునదియు అంత పెద్దది కాదు. తన కార్డు తన జేబులో నుండవలెను. దానిని తాను చదువగలుగవలెను. తాను చేయని తప్పుకు దేశము విడువవలసిన గతి పట్టరాదు. ఈ మూడింటిలో మొదటి రెండును కదిరిలో బస్సు ఎక్కకముందే మనము సమకూర్చి పంపగలవి. మూడవది రెండు ప్రభుత్వములు కూర్చుండి తేల్చుకొనవలసినది. ఏటేట లక్షలాది కుటుంబములకు అన్నము పెట్టుచున్న ఈ వలసపై ఆ సంభాషణ జరిగినపుడు, చమురు ధర, వ్యాపారపు ఒప్పందములు అను అంశముల ప్రక్కన, చిన్నదైనను, డ్రైవరు లైసెన్సును గూడ ఒక అంశముగ వ్రాయవలెను.